సోయకూరలో మూడో పురుగు

మ్యూనిక్‌లో మాస్టర్స్ చదువుతున్నప్పుడు నేను చేసిన మొదటి ఉద్యోగం ఆకుకూరల్లో పురుగులు వెతకడం. నవ్వులాటకు చెప్పడం లేదు. వారానికి నాలుగు రోజులు, పొద్దున్న ఏడింటి నుంచి పదకొండు దాకా, లోపల లైటు వెలిగే తెల్లటి అద్దపు పెట్టె ముందు నిలబడి సోయకూర, పార్స్‌లీ, ఉల్లికాడలు, లెట్యూస్ ఒక్కొక్క రెమ్మే తిప్పి చూసేదాన్ని. లోకమంతా కంటికి కనపడని పురుగుకి భయపడి మూతికి గుడ్డ కట్టుకుని తిరుగుతుంటే, నేను కంటికి కనపడే పురుగుల వెంట పడ్డాను.

అది యూదు వృద్ధుల కోసం నడిపే చిన్న ఆశ్రమం. ఇరవై ఆరుగురు ఉండేవారు. వాళ్ళ వంటిల్లు కోషర్ వంటిల్లు, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం నడిచేది. కరోనా వచ్చిన మొదటి శీతాకాలం. గార్చింగ్‌లో ఉన్న మా యూనివర్సిటీ క్యాంపస్ మూతపడి క్లాసులన్నీ లాప్‌టాప్‌లోకి వచ్చేశాయి. మాలాంటి వాళ్ళకు గిన్నెలు కడిగే పనిచ్చే హోటళ్ళకూ తాళాలు పడ్డాయి. సీనియర్ ఒకామె వాట్సాప్ గ్రూపులో ఈ మినీజాబ్, అంటే రోజుకు కొన్ని గంటల చిన్న ఉద్యోగం, సంగతి పెడితే టెర్మిన్ (అపాయింట్‌మెంట్) తీసుకుని వెళ్ళాను. నన్ను చూసింది ఒక పెద్దాయన. తెల్లగడ్డం, నల్లటోపీ, ముక్కు మీంచి జారిపోయే మాస్కు. వంటిల్లు నియమం తప్పకుండా కాపలా చూడటమే ఆయన ఉద్యోగం. దానికి వాళ్ళ భాషలో ఒక పేరుంది గానీ నేను మనసులో పెద్దాయన అనే పిలుచుకున్నాను. నా సర్టిఫికెట్లేవీ ఆయన చూడలేదు. కళ్ళు బాగా కనిపిస్తాయా అని అడిగారు. కనిపిస్తాయన్నాను. ఓపిక ఉందా అన్నారు. ఉందని అబద్ధమాడాను.

పని చెప్పినంత తేలిక కాదు. ఆకుల్ని సబ్బుచుక్క వేసిన నీళ్ళలో నానబెట్టాలి. బాగా జాడించాలి. ఆ నీళ్ళను పలుచటి తెల్ల గుడ్డలో వడగట్టి, గుడ్డను తీసుకొచ్చి దీపపు పెట్టె మీద పరచాలి. ముందు ఇసుక కనిపిస్తుంది, ఆకు తునకలు కనిపిస్తాయి. ఇంకొంచెం సేపు చూస్తే ఒక తునకకు కాళ్ళు వస్తాయి. అది నడవడం మొదలుపెడుతుంది. నాకు వాటి పేర్లు ముందే తెలుసు. సెలవుల్లో అమ్మతో పత్తి చేలకు కూలికి వెళ్ళినప్పుడు ఆకు వెనక్కి తిప్పితే ఇవే ఉండేవి. పేనుబంక, తామరపురుగు. జర్మనీ దాకా వచ్చి మళ్ళీ వీటి మొహమే చూడాల్సి వచ్చిందా అని ఒళ్ళు మండింది.

మొదటి వారం అన్నం సహించలేదు. కళ్ళు మూసుకుంటే తెల్లగుడ్డ, దాని మీద నడిచే ఆకుపచ్చ చుక్కలు. అంతకుముందు ఎన్నేళ్ళుగా ఎన్ని తిన్నానో లెక్క వేసుకునేదాన్ని. హాస్టల్లో నాతో వంటిల్లు పంచుకునే గుంటూరు అమ్మాయి ఒకరోజు పచ్చడి కోసం కొత్తిమీర కడుగుతుంటే, ఊరుకోలేక ఆ నీళ్ళు తెల్ల జేబురుమాల్లో వడగట్టి, సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి చూపించాను. ఏడు దొరికాయి.

"ఛీ ఛీ! ఏంటే ఇది? ఇన్నాళ్ళూ హాయిగా తింటన్నాం గదా! నీకు దణ్ణం పెడతా తల్లీ, ఇకనుంచి నా కొత్తిమీర జోలికి రామాక" అంది. ఆ పచ్చడి ఇద్దరం తినలేదు.

పెద్దాయన లెక్క వేరు. ఆయనకు పురుగంటే నాలాగా రోత లేదు. వేలి కొన మీదికి ఎక్కించుకుని కళ్ళజోడు పైకెత్తి చూసేవారు. పంది మాంసం తింటే నియమం ఒకచోట తప్పినట్టట. ఇంత చిన్న పురుగును మింగితే అంతకంటే ఎక్కువచోట్ల తప్పినట్టట. "పంది పెద్దది కదా, అడ్డం వస్తే ఎవరికైనా కనిపిస్తుంది. దీన్ని చూడాలంటే ఆగాలి. నోట్లో పెట్టుకునే ముందు ఆగడం, నాకు తెలిసి మొత్తం నియమమంతా అదే" అన్నారు. ఆయన నాకిచ్చిన లెక్క కూడా సులువైనదే. ఒక విడత ఆకుల్లో ఒకటో రెండో కనిపిస్తే మళ్ళీ కడిగి మళ్ళీ చూడాలి. కడుగులన్నీ కలిపి మూడు కనిపించాయంటే ఆ ఆకులన్నీ పారేయాలి. ఎన్ని అని ఆయన అడుగుతారు, నేను చెప్పాలి. ఆ అంకె మీదే ఇరవై ఆరుగురి భోజనం ఆధారపడి ఉండేది.

పాలకు ఒక సింకు, మాంసానికి ఒక సింకు. నీలం గరిటెలు, ఎర్ర గరిటెలు. అవన్నీ రెండు వారాల్లో పట్టుబడ్డాయి. పట్టుబడనిది పొయ్యి.

పొయ్యి నేను వెలిగించకూడదు. పెద్ద కరెంటు పొయ్యి అది, మంట కూడా లేదు, నాబ్ తిప్పితే వేడెక్కుతుంది. ఆ నాబ్ తిప్పేది యూదులే అయి ఉండాలి. ఆ తర్వాత కూరగాయలు తరగడం, కలపడం, ఉప్పు వేయడం, దించడం ఎవరు చేసినా ఫరవాలేదు. అందుకే పెద్దాయన రోజూ ఏడింటికి వచ్చి నాబులన్నీ వరుసగా తిప్పేవారు. అసలు వంటవాడు క్రొయేషియా మనిషి. పదేళ్ళుగా అక్కడే వండుతున్నాడు, ఒక్కరోజు కూడా నాబ్ ముట్టలేదు. "వాళ్ళ పద్ధతి" అని భుజాలెగరేసేవాడు. నేను అలా ఎగరేయలేకపోయాను. అది విన్న రోజున నా వెన్నులో ఏదో పాకింది. వాసన పట్టాను అనుకున్నాను. ఈ వాసన నేను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును.

మా అమ్మ జనగామ పక్కన మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నేను అయిదో తరగతిలో ఉండగా ఆ పని దొరికింది. మాది ఏ వాడో ఊరందరికీ తెలుసు. పెద్ద వీధి పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకుని అవతలి వరండాలో కూర్చునేవారు. ఒకరోజు హెడ్‌మాస్టరు వాళ్ళందరినీ లైన్లో నిలబెట్టి పళ్ళేలు పట్టించాడు. అమ్మ వడ్డించింది. వాళ్ళు బుద్ధిగా పళ్ళెం పట్టుకుని, బుద్ధిగా నడుచుకుంటూ వెళ్ళి, ఒకరి తర్వాత ఒకరు మోరీలో వంచేశారు. నేను ఆ లైన్లోనే ఉన్నాను. ఒకమ్మాయి, నా పక్కన కూర్చునే అమ్మాయి, పళ్ళెం వంచేటప్పుడు ముక్కు మూసుకుంది. అన్నం ఏమీ కంపు కొట్టలేదు. వేడివేడిగా ఉంది.

అమ్మ మాత్రం రోజూ హాజరు పట్టీలో ఉన్న అందరి బియ్యమూ చాటలో పోసుకుని రాళ్ళు ఏరేది. తినని వాళ్ళ వాటా కూడా. "వాళ్ళు తినరు గదనే, వాళ్ళయెందుకు ఏరుతున్నవ్?" అని నేను పోట్లాడేదాన్ని. "ఎవలో ఒకలు తింటరు బిడ్డా. పంటికింద రాయొస్తే ఎవలికైన నొస్తది" అనేది. నాకు ఆ ఓపికను చూస్తే కూడా అసహ్యమేసేది.

అందుకని పెద్దాయన్ను అడిగేశాను. నా చేయి పొయ్యికి ఎందుకు పనికిరాదు అని. వచ్చీరాని జర్మన్‌లో అడగడం వల్ల ఇంకా కటువుగా వినిపించి ఉంటుంది. ఆయన నొచ్చుకోలేదు. ఇది శుభ్రం సంగతి కాదన్నారు. ఒకరి పొయ్యి మీద ఒకరు వండుకుంటూ ఉంటే మెల్లగా పెళ్ళిళ్ళదాకా పోతుందని, తమది కొద్దిమంది జనమని, కలిసిపోయి మాయమైపోతామేమోనని పెద్దలు పెట్టిన కట్టు అన్నారు. "ఈ దేశపు చాన్సలర్ వచ్చి వెలిగించినా తినను" అన్నారు. మా ఊళ్ళో కూడా పెళ్ళిళ్ళ భయమే అని నాలో నేను అనుకున్నాను. పైకి మాత్రం సరేనన్నాను. మంచి మాటలతో చెప్తే రోత రోత కాకుండా పోతుందా అని బస్సులో తిట్టుకుంటూ వచ్చాను.

ఒక సంగతి అప్పుడు పట్టించుకోలేదు. విరామంలో నేను మాండరిన్ నారింజ ఒలుచుకుంటుంటే, ఆయన చేయి చాచేవారు. నా వేళ్ళతో ఒలిచి, నా వేళ్ళతో విడదీసిన తొనలు ఆయన అరచేతిలో పెట్టేదాన్ని. ఏదో గొణుక్కుని, అంటే ప్రార్థన చేసుకుని, తినేసేవారు. కొన్ని వారాలు చూశాను ఆ దృశ్యం. చూసి కూడా చూడలేదు.

డిసెంబరులో పెద్దాయనకు కరోనా వచ్చింది. ఇంటికే కట్టేశారు. నాలుగు రోజులకు క్రొయేషియా వంటవాణ్ణి కూడా క్వారంటైన్‌లో పెట్టారు. వంటిల్లు నా ఒక్కదాని మీద పడింది. పెద్దాయన టాబ్లెట్ ఒకటి పంపిస్తే సింకు పైన గోడకు టేపు వేసి అంటించాను. పొద్దున్నే అందులో ఆయన మొహం వెలిగేది. దగ్గుతూ, మధ్యమధ్య ఆగుతూ, ఏ గిన్నె ఎక్కడిదో చూసేవారు. ఆకుల సంగతి మాత్రం టాబ్లెట్‌లో కనపడదు. గుడ్డ మీద ఉన్నదేమిటో నేను చెప్తే నమ్మాల్సిందే.

పొయ్యి వెలిగించడానికి ఆశ్రమంలోనే కింది అంతస్తులో ఉండే ఒక యూదు ముసలావిడను ఏర్పాటు చేశారు, ఉక్రెయిన్‌లోని ఒడెస్సా ఆవిడది. ఎనభై ఆరేళ్ళు. సోవియట్ దేశం కూలిపోయాక కొడుకుతో జర్మనీ వచ్చింది. ఆవిడ జర్మన్ నా జర్మన్ కంటే అధ్వానం, అందుకే ఇద్దరికీ బాగా అర్థమయ్యేది. ఏడింటికి మాస్కు, గ్లౌజులు తొడుక్కుని, కర్ర తాటించుకుంటూ వంటింటి పక్క తలుపు దగ్గరికి వచ్చి, నాబులు టకటకా తిప్పేసి, కిటికీ అరుగు మీద కూర్చునేది. గాజు గ్లాసులో నిమ్మచెక్క వేసి టీ ఇస్తే తాగేది.

"దేవుడి మీద నాకు నమ్మకం లేదు. డెబ్బై ఏళ్ళు పంది మాంసం తిన్నాను. ఉప్పులో ఊరిన పంది కొవ్వు, నల్లరొట్టె, వెల్లుల్లి. అబ్బ! ఇప్పుడు చూడు, ఈ వేలు లేకపోతే ఇరవై ఆరుగురికి సూపు లేదు" అని చూపుడు వేలు ఎత్తి నవ్వేది. ఆవిణ్ణి చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చేది. ఈ నియమాలన్నీ ఒట్టి తంతు అని నాకు తోడుగా అనుకునే మనిషి ఒక్కరైనా దొరికారనుకున్నాను.

ఒక బుధవారం ఆవిడ రాలేదు. పక్కగదిలో ఎవరికో పాజిటివ్ వచ్చిందని ఆ వరుసంతా మూసేశారు. టాబ్లెట్‌లో పెద్దాయన లేరు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏడున్నర అయింది, ఎనిమిది అయింది. పదకొండున్నరకు ట్రేలు పైకి పోవాలి. ఎర్రపప్పు, బార్లీ సూపు ఆ రోజు. మాస్కులో నా ఊపిరి నాకే పుల్లటి కంపు కొడుతోంది. నాబ్ తిప్పాను. మిన్ను విరిగి మీద పడలేదు. ఎవరూ చెప్పకుండానే కాస్త జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి తాలింపు పెట్టాను. ఆ వంటింట్లో నా చేత్తో మొదటి నుంచి చివరిదాకా చేసిన వంట అదొక్కటే. వాసనకు నర్సు ఒకామె తలుపు తీసి తొంగి చూసింది.

పదింటికి టాబ్లెట్ వెలిగింది. పెద్దాయన మొహం ఎర్రగా ఉబ్బి ఉంది. జ్వరంలో నిద్ర పట్టేసిందట.

"పొయ్యి ఎవరు వెలిగించారు?" అన్నారు.

"నేనే."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఆ సూపు వడ్డించకూడదు."

"పప్పు రెండుసార్లు ఏరాను. ఒక్క పురుగు లేదు."

"పప్పు సంగతి కాదమ్మా. వెలిగించిన సంగతి."

ముసలివాళ్ళు, చలికాలం, వేడిది ఏదీ లేదు అన్నాను. ఆగమని చెప్పి, వాళ్ళ రబ్బీకి, అంటే గురువుకి, ఫోన్ చేశారు. పది నిమిషాలకు మళ్ళీ కనిపించారు. కుదరదు. ఆ గిన్నెను కూడా నీళ్ళు పొర్లేదాకా మరిగించి మళ్ళీ శుద్ధి చేయాలి. ఆ నీళ్ళు మరిగించడానికి పొయ్యి ఎవరు వెలిగిస్తారు అని అడగబోయి ఊరుకున్నాను. ఆయన ఇంకా ఏదో అన్నారు. నేను వినలేదు.

ఇరవై ఆరుగురి సూపును రెండు బకెట్లలోకి వంచి పెరట్లో బయో చెత్త డబ్బా దగ్గరికి మోశాను. మంచు పడుతోంది. మూత తీస్తే కుళ్ళిన బంగాళాదుంప తొక్కల కంపు మొహాన కొట్టింది. దాని మీద నా పప్పు పోశాను. ఆవిరి లేచింది. జీలకర్ర వాసన, కుళ్ళు వాసన కలిసి గొంతులోకి వచ్చి, మాస్కు పక్కకు లాగి అక్కడే గోడ పక్కన కక్కుకున్నాను. మోరీ ముందు పళ్ళెం వంచిన అమ్మాయి ముక్కు మూసుకోవడం కళ్ళకు కట్టింది. అప్పుడు పారబోసింది వాళ్ళు. ఇప్పుడు నా చేతే పారబోయించారు. ఆ రోజు ఇరవై ఆరుగురూ రొట్టె, డబ్బా చేప, చల్లటి బీట్‌రూట్ తిన్నారు. నేను చేతులు కడుక్కున్నాను గానీ ఆ కంపు రెండు రోజులు పోలేదు.

గురువారం కూడా అందరికీ చల్లటి తిండే. శుక్రవారానికి ఒడెస్సా ఆవిడ టెస్టు నెగటివ్ వచ్చింది. కర్ర తాటించుకుంటూ వచ్చి నాబులు తిప్పింది. శుక్రవారం పొద్దు గుంకితే వాళ్ళకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, మొదలవుతుంది; ఇక పొయ్యి వెలిగించకూడదు, మర్నాడంతా అంతే. అందుకని వారంలో పెద్ద వంట ఆ రోజే. కోడి సూపు, దాని నిండా సోయకూర. సోయకూర లేని శుక్రవారం సూపు సూపే కాదని వాళ్ళ నమ్మకం. మా ఇంట్లో సోయకూర పప్పులో పడుతుంది, వాసన ఒకటే. ఆ వాసనకు మామూలుగా నాకు ప్రాణం కుదుటపడేది. ఆ రోజు పడలేదు.

మొదటి కడుగులో ఒకటి. ఇంకోసారి కడిగితే ఇంకొకటి. మూడో కడుగు గుడ్డను దీపం మీద పరిచాను. ఖాళీ. ఇసుక రేణువులు తప్ప ఏమీ లేవు. గుడ్డ తీయబోతుంటే అంచు మడతలోంచి అది నడిచి వచ్చింది. పేనుబంక, లేత ఆకుపచ్చ, కడుపు నిండుగా. దీపం వెలుతురు దాని ఒంట్లోంచి కనిపిస్తోంది.

"ఎన్ని?" అని టాబ్లెట్‌లోంచి దగ్గు మధ్య వినిపించింది.

బొటనవేలు పెట్టి నలిపేశాను. గ్లౌజు మీద ఆకుపచ్చ మరక.

"రెండు" అన్నాను.

"మూడోసారి?"

"ఏమీ లేదు."

"మంచిది. నువ్వుండబట్టి సరిపోయింది" అన్నారు.

సోయకూర సన్నగా తరిగి సూపులో చల్లాను. ట్రేలు పైకి వెళ్ళాయి. గిన్నెలు నాకినంత శుభ్రంగా కిందికి వచ్చాయి, ఒకటి రెండింటి అంచుకు ఆకు తునకలు అంటుకుని ఉన్నాయి. గెలిచాననిపించింది. నిజంగానే అనిపించింది, దాచి లాభం లేదు. మీరు నా వంట పారబోయించారు కదా, ఇప్పుడు ఏం తిన్నారో మీకు తెలియదు కదా అనుకుంటూ బస్సెక్కాను. రెండు స్టాపులు దాటేలోపే ఆ గెలుపు నోట్లో చేదుగా మారింది. గ్లౌజు పారేశాను గానీ బొటనవేలిని కోటుకు తుడుస్తూనే ఉన్నాను.

తర్వాతి వారం చివర్లో పెద్దాయన తిరిగి వచ్చారు. కోటు భుజాల మీంచి వేలాడుతోంది, మనిషి సగమయ్యారు. చేతిలో నాకోసం ఒక సంచీ మాండరిన్లు. అప్పటికే పనిలోకి వచ్చిన వంటవాడి ముందు, ఆశ్రమం మేనేజరమ్మ ముందు, నా వైపు చూపిస్తూ, "ఈ రెండు వారాలూ నా కళ్ళు ఈ అమ్మాయి దగ్గరే ఉన్నాయి" అన్నారు. ఆ మేనేజరమ్మ చప్పట్లు కొట్టింది. నాకు ఆ సంచీ పట్టుకుంటే చేతిలో ఏదో పాకుతున్నట్టుంది.

ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. ఒడెస్సా ఆవిడకు చెప్పాను. ఆవిడకు ఇక పొయ్యి పని లేకపోయినా అలవాటుగా కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుంది. గ్లాసులో టీ పోసి, నిమ్మచెక్క వేసి, మూడో పురుగు కథ నవ్వుతూ చెప్పాను. బొటనవేలు ఎలా నలిపానో అభినయించి కూడా చూపించాను. పంది కొవ్వు మనిషి కదా, పగలబడి నవ్వుతుందనుకున్నాను.

ఆవిడ నవ్వలేదు. నా వేలు వైపు చూసింది.

"పంది మాంసం నేను తిన్నాను. నా డబ్బుతో కొని, నా చేత్తో కోసుకుని తిన్నాను. తింటున్నానని తెలిసి తిన్నాను. ఎవరూ నాకు తెలియకుండా నా గిన్నెలో వేయలేదు" అంది.

నేను ఏదో అనబోయాను. బుధవారం సంగతి, నా పప్పు సంగతి, మా అమ్మ సంగతి. ఆవిడ నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"పై అంతస్తులో ఒకాయన ఉన్నాడు. ఏ పూటా తప్పినవాడు కాదు. చిన్నప్పుడు ఆకలితో చచ్చే స్థితిలో కూడా, ఇది నియమం ప్రకారం తినొచ్చా అని అడిగి తిన్నవాడు. ఆయనకు నువ్వు వడ్డించావు" అంది. ఆ మాట అంటూనే గ్లాసును రెండు వేళ్ళతో నా వైపు జరిపింది. టీ ఒక్క గుక్క కూడా తాగలేదు. కర్ర తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ మొహంలో కనిపించింది నాకు కొత్తేమీ కాదు. మోరీ పక్కన నిలబడి ముప్పై మంది మొహాల్లో చూశాను. ఒకటే తేడా. మా అమ్మ చేయి ఏ తప్పూ చేయలేదు.

ఆ గంటలోనే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన గిన్నెలు సర్దిస్తున్నారు. "ఆ శుక్రవారం మూడు దొరికాయి" అన్నాను. ముందు ఆయనకు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. అరవలేదు. కేకలేస్తే బాగుండేది.

"ఎందుకు?" అన్నారు.

"మీరు నా సూపు పారబోయించారు."

"తప్పు నాది, నిద్రపోయాను, ఆ పారబోత నా పద్దులో రాసుకోమని దేవుడికి చెప్పుకున్నాను అని ఆ రోజే నీతో అన్నాను. వినలేదా?"

వినలేదు. ఆయన అంటుండగా నేను బకెట్లు తీస్తున్నాను. అప్పుడు గుర్తొచ్చాయి మాండరిన్ తొనలు. మా ఊరి పెద్ద వీధిలో ఒక్కరైనా మా అమ్మ చేతిలోంచి తొన అందుకున్నారా? ఆయన రోజూ అందుకున్నారు. రెండూ ఒకటే రోత అనుకుని, రెండింటికీ ఒకటే కక్ష తీర్చుకున్నాను.

ఆయన నన్ను తీసేయలేదు. ఎవరికీ చెప్పకుండా దాచలేదు కూడా. మేనేజరమ్మకు చెప్పారు, పై అంతస్తు పెద్దమనిషి దగ్గరికి స్వయంగా వెళ్ళి తలుపు బయట నిలబడి చెప్పివచ్చారు. ఆ తర్వాత నాతో, "సోమవారం నుంచి ఆకులు నేను చూసుకుంటాను. నువ్వు ఉల్లిపాయలు, క్యారెట్లు తరుగు. దీపపు పెట్టె దగ్గరికి రావద్దు" అన్నారు. మాండరిన్ల కోసం చేయి చాచడం కూడా మానేశారు. కావాలని మానేశారో, నేనే ఒలవడం మానేశానో చెప్పలేను.

పొయ్యి ముట్టకూడదన్నది నాకూ ఉంది, క్రొయేషియా వంటవాడికీ ఉంది, చాన్సలరుకైనా ఉంది. దీపపు పెట్టె దగ్గరికి రాకూడదన్నది నా ఒక్కదానికే.

ఆ ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ బడులు మూసేసి ఉన్నాయి, వంట లేక ఆమెకు పొద్దు పోవడం లేదు.

"పనెట్లుంది బిడ్డా? ఇంక గా ఆకులే చూస్తున్నవా?" అంది.

"లేదమ్మా. ఇప్పుడు ఉల్లిగడ్డలు కోస్తున్న."

"ఎందుకే? మంచిగ చూస్తవని సారు మెచ్చుకున్నడంటివి గద?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మూడే మాటలు, నేను అబద్ధం చెప్పిన అని. ఆమె చాట ముందు పెట్టుకుని తినని పిల్లల బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు కనిపించింది. ఆ మాటలు చెప్పలేకపోయాను.

"వాళ్ళకు మన చెయ్యి గిట్టదే అమ్మా. పొయ్యి కూడా ముట్టనియ్యరు" అన్నాను.

అమ్మ మొహం నల్లబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా దేశంల గూడ గట్లనేనా బిడ్డా? నా లెక్కనే నీకు గూడ అయిందా? ఏడువకు. నీ తప్పేమున్నదే" అని ఆమే ఏడ్చింది.

"ఏం లేదమ్మా" అన్నాను.

ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఎవరు నా సంగతి అడిగినా అమ్మ ఈ కథే చెప్తోంది. వాళ్ళు ఎంత చెడ్డవాళ్ళో, నేను ఎంత ఓర్చుకున్నానో చెప్తోంది. ఏళ్ళు గడిచాయి. ఇంకా చెప్తూనే ఉంది, నేను ఇంకా వింటూనే ఉన్నాను.